వీధి మొత్తానికీ ఒక్క నంబరు

మిస్ వెర్డెల్ నోరు సూపర్‌మార్కెట్ వాళ్లు కొనేశారని వీధిలో చెప్పుకుంటారు. చెప్పేవాళ్లు సాక్ష్యం కూడా చూపిస్తారు. అనాపొలిస్‌లో రాష్ట్ర చట్టసభ వాళ్ల ముందు మాట్లాడతానని బస్సెక్కి వెళ్లిన మనిషి, తీరా పిలిచేసరికి ఒక్క ముక్క చెప్పి కూర్చుందట. ఆ తర్వాత ఎన్నాళ్లో కాలేదు, ఆమె సూపర్‌మార్కెట్ కార్డు నంబరు మీద పాలు, రొట్టె, గుడ్లు అన్నిటి ధరా దిగిపోయిందట.

“ఊరికే దిగుతాయా?” అంటుంది రోషెల్, వీధి చివరి లాండ్రీలో తన దుప్పట్లు మడతపెడుతూ. “కంపెనీవాడు ఎవడికైనా ఊరికే పెడతాడా? ఆవిడ తేరగా తింటోంది. మనం చూస్తూ కూర్చున్నాం.”

ఈ మాట అనడానికి రోషెల్‌కు అందరికంటే తక్కువ హక్కుంది. ఎందుకంటే ఆ నంబరు వీధిలోకి వచ్చిందే రోషెల్ వల్ల.

అప్పట్లో రోషెల్ చంకలో ఒక పసిపిల్ల ఉండేది. కౌంటరు దగ్గర అమ్మాయి కార్డు నంబరు అడిగింది. రోషెల్‌కు కార్డు లేదు. కార్డు లేనివాళ్లకు ఏ వస్తువైనా పై ధరే. పాలడబ్బా వెనక్కి పెట్టేయాలా వద్దా అని ఆమె తేల్చుకోలేకపోతుంటే, పిల్ల ఏడుపు లంకించుకుంది. వెనకాల మిస్ వెర్డెల్ నిలబడి ఉంది. ఆసుపత్రి లాండ్రీలో పొద్దున్నుంచీ తడి దుప్పట్లు లాగి లాగి వచ్చిన మనిషి. కాళ్లు బూట్లలో పట్టడం లేదు.

“నా నంబరు కొట్టు తల్లీ. లైను కదలనీ,” అంది.

అందులో దయ ఎంతో, కాళ్ల నొప్పి ఎంతో ఆమెకే తెలియదు. రోషెల్ ఆ నంబరు గుర్తు పెట్టుకుంది. చెల్లెలికి చెప్పింది. చెల్లెలు మూల ఇంటి డ్వైట్‌కు చెప్పింది. చూస్తుండగానే వీధి వీధంతా అదే నంబరు కొట్టడం మొదలుపెట్టింది. ఆడపిల్లలు తాడాట ఆడుతూ లెక్కకు బదులు దాన్నే పాడేవాళ్లు. ఎవరూ ఆమెను అడగలేదు. ఆమె కూడా వద్దనలేదు. కార్డు ధర అందరికీ ఒకటిగా ఉన్నన్నాళ్లు దాంతో ఎవరికీ నష్టం లేకపోయింది.

తర్వాత కొట్టులో ధరలు రాసిన కాగితం చీటీలు పోయాయి. అరల అంచున చిన్న చిన్న తెరలు వచ్చాయి. వాటి మీద కనిపించే ధర ఒకటి, కౌంటరులో నంబరు కొట్టాక పడేది ఇంకొకటి. మిస్ వెర్డెల్‌కు ధరలు పెరుగుతున్నట్టు తెలుస్తూనే ఉంది. అందరికీ పెరుగుతున్నాయనుకుంది. ఈ రోజుల్లో ఏది పెరగడం లేదు గనక?

ఒక సాయంత్రం లైనులో తన ముందు రోషెల్ నిలబడి ఉంది. ఇద్దరి చేతుల్లోనూ ఒకే పాలడబ్బా. రోషెల్ వేరే నంబరు కొట్టింది. తెర మీద పడిన ధర చూసి మిస్ వెర్డెల్ తన డబ్బాను తిప్పి చూసుకుంది, ఒకటేనా కాదా అని.

“కొత్త నంబరా తల్లీ?”

రోషెల్ సంచిలో సరుకులు సర్దుతూ తల ఎత్తలేదు. “మా ఆయన ఫోన్లో పెట్టించాడు, మిస్ వెర్డెల్. కొత్తవాళ్లకి తక్కువ వేస్తున్నార్ట. మీకూ చెబుదామనే అనుకున్నా.”

“అనుకునే ఉంటావులే.”

డ్వైట్ కూడా అప్పటికే మారిపోయాడు. ఒక్కొక్కరే చప్పుడు చేయకుండా మారిపోయారు. ఆ నంబరు మీద మిగిలింది ముగ్గురు. మిస్ వెర్డెల్, పక్కింటి మిస్టర్ క్లియోతా, ఆ పక్కింటి మిస్ పెర్లీన్. కొత్త నంబరు కావాలంటే ఫోనుకు కోడ్ రావాలి. ముసలివాళ్లిద్దరికీ అలాంటి ఫోను లేదు.

“నా ఫోను గోడకి మేకు కొట్టి ఉంది,” అన్నాడు మిస్టర్ క్లియోతా. “దాన్ని పీక్కుని వెళ్లి లైన్లో నిలబడమంటావా? పోలీసుల్ని పిలుస్తారు.”

ఆ చలికాలంలోనే అద్దెదారుల సంఘం తరఫున ఇనెజ్ అనే అమ్మాయి వచ్చింది. మనిషిని బట్టి ధర వేయడం ఆపే చట్టం కోసం తిరుగుతోంది. మిస్ వెర్డెల్ గురించి కొట్టువాళ్లు ఏం రాసుకున్నారో చూపించమని ఆమె చేత అడిగించింది. చాన్నాళ్లకు జవాబొచ్చింది. ఇంటి ముందు పాలరాతి మెట్ల మీద కూర్చుని ఇనెజ్ దాన్ని ఫోనులో చదివింది.

“పెద్ద కుటుంబం. పసిపిల్లలున్నారు. బీరు తాగేవాళ్లున్నారు. కుక్కలున్నాయి.”

“నాకు కుక్కలెన్నిట?”

“రెండని అనుకుంటున్నట్టున్నారు.”

“మగాడు ఉన్నాడన్నారా? ఉంటే ఎక్కడున్నాడో అడుగు. చెత్తడబ్బా బయట పెట్టాలి.”

ఇనెజ్ నవ్వింది కానీ, చివరి మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. “అసలు సంగతి ఇదీ, మిస్ వెర్డెల్. కారు లేదు, రోజూ సాయంత్రం వస్తుంది, ఇంకో కొట్టుకి పోదు. ఇలా రాసుకున్నారు. పోనివాళ్లకి మెషీను పెంచుతుంది. పోతారేమో అనుకున్నవాళ్లకి తగ్గించి బతిమాలుతుంది.”

“నమ్మకంగా ఉన్నందుకు వాతలన్నమాట. మా రెండో ఆయన పద్ధతే.”

“ఇదే వచ్చి సభలో చెప్పండి. కుక్కల సంగతితో సహా చెప్పండి.”

ఆ రోజు జీతం పోతుందని తెలిసీ మిస్ వెర్డెల్ సెలవు పెట్టింది. చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకుని సంఘం వాళ్ల బస్సెక్కింది. అనాపొలిస్‌లో ఆ గది నిండా జనం. గట్టి బెంచీలు. పొద్దున వెళ్లినవాళ్లకు మధ్యాహ్నం దాటినా పిలుపు రాలేదు.

ఆమె కంటే ముందు దుకాణాల తరఫు మనిషి మాట్లాడాడు. మర్యాదస్తుడు, గొంతు మెత్తన. తాము ఎవరి మీదా గురిపెట్టి ధరలు పెంచడం లేదన్నాడు. అసలు ఇబ్బంది ఖాతాదారులతోనే అన్నాడు. “ఒకే నంబరుని నాలుగైదు ఇళ్లవాళ్లు వాడుతున్నారండి. అది నిబంధనలకి విరుద్ధం. అలాంటివి మా దృష్టికొస్తే వెంటనే మూసేస్తున్నాం.”

మిస్ వెర్డెల్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. తన కథ చెప్పాలంటే కుక్కల గురించి చెప్పాలి. కుక్కల గురించి చెబితే అవి ఎవరివని అడుగుతారు. మైకులో ఆ మాట పడ్డాక నంబరు ఉండదు. తనకు ఫోనుంది, తను ఇంకొకటి తీసుకుంటుంది. మిస్టర్ క్లియోతా సార్డీన్ చేపల డబ్బాకు పై ధర కడతాడు. కట్టలేక డబ్బా వెనక్కి పెట్టేస్తాడు. ఎవరితోనూ చెప్పడు.

పేరు పిలిచారు. మైకు దగ్గరకు వెళ్లింది.

“నా పేరు వెర్డెల్ గాస్కిన్స్. మాది బాల్టిమోర్. పాల ధర మరీ ఎక్కువగా ఉంది.”

సభాధ్యక్షుడు ముందుకు వంగాడు. “ఇంకేమైనా చెబుతారా అమ్మా?”

“లేదు సార్. పొద్దున్నుంచీ కూర్చున్నా. నడుం పట్టేసింది.”

జనం నవ్వారు. అదే బస్సులో వచ్చి వెనక వరసలో కూర్చున్న రోషెల్ నవ్వలేదు.

తిరుగు బస్సులో ఇనెజ్ ఆమె పక్కన చేరింది. “ఎందుకలా చేశారు?”

“మూసేస్తామని ఆయనన్నది విన్నావుగా.”

“విన్నా. మీ మాట చాలా పనికొచ్చేది, మిస్ వెర్డెల్.”

“తెలుసు తల్లీ. కళ్లు మూసుకో కాసేపు. ఊరొచ్చాక లేపుతా.”

ఆ వసంతంలో చట్టం వచ్చింది. ఇనెజ్ పరిగెత్తుకు రాలేదు, నడిచే వచ్చింది. మనిషి వివరాలు చూసి ధర పెంచకూడదని చట్టంలో ఉందంది. కార్డు మీద ఇచ్చే తగ్గింపులకు మాత్రం అది వర్తించదంది.

మిస్ వెర్డెల్ ఆ మాటను కొంతసేపు మనసులో తిప్పి చూసింది. “అంటే ఇకమీద నాకు పెంచారని అనరు. పక్కవాళ్లకి తగ్గించారంటారు.”

ఇనెజ్ మెట్టు మీద ఆమె పక్కనే కూలబడింది. ఇద్దరూ బూట్లు విప్పుకుని కూర్చున్నారు.

వేసవి మొదట్లో మిస్టర్ క్లియోతా కంచె మీదుగా కేకేశాడు. “వెర్డెల్! సార్డీన్లు దిగాయి! గుడ్లు కూడా. నీ నంబరుకి వాళ్లు దణ్ణం పెడుతున్నారు.”

“తినండి, మిస్టర్ క్లియోతా. రెండు డబ్బాలు తెచ్చుకోండి.”

“ఏం మంత్రం వేశావేంటి?”

“నాకెక్కడిది మంత్రం? నిద్రొస్తోంది, వెళ్తా.”

ఆ కేక వీధిలో అందరూ విన్నారు. లాండ్రీకి చేరేసరికి అదే కొనేసిన నోరు అయింది. రోషెల్ అనాపొలిస్‌లో తను కళ్లారా చూసింది కూడా కలిపి చెప్పింది. మిస్ వెర్డెల్ చెవిన కూడా పడింది. బట్టలు యంత్రంలోంచి తీసి బుట్టలో వేసుకుని, వాళ్ల ముందు నుంచే బయటికి నడిచింది.

చట్టం వచ్చిన వారం నుంచి మిస్ వెర్డెల్ ఆ కొట్టులో ఒక్క వస్తువూ కొనలేదు. ఆసుపత్రి నుంచి రెండు బస్సులు మారి, ఊరి అవతలి కొట్టు నుంచి సరుకులు మోసుకొస్తోంది. ఆ నంబరు ఎక్కడ చేజారిపోతుందోనని మెషీను బతిమాలుతోంది.