గళ్ళలో మా వీధి

మా లెక్కల సారు పోయారని ఆదోని నుంచి వచ్చిన మామ చెప్పాడు. అమ్మ తిప్పుతున్న రాట్నం ఆపింది.

"ఆ పొద్దు రాట్నం ఆపమని వచ్చిన సారేనా?"

అవునన్నాను.

ఆయన్ను తలుచుకోడానికి వచ్చిన మీలో చాలామంది ఆయన దగ్గర చదువుకునే ఉంటారు. మా ఇంట్లో బడి మెట్లెక్కింది నేనొక్కదాన్నే. ఎమ్మిగనూరు బస్సు ఆలస్యమై నేను గుమ్మంలో నిలబడితే, "రామ్మా, లెక్క యాడికీ పోదు" అనేవారు. జేబులో సుద్దముక్క మరిచిపోయి ఇంటికి వెళ్ళేవారు. ఆయన చొక్కాలన్నింటికీ ఎడమవైపు తెల్లటి మరకే.

ఆ ఏడు మా వీధిలో ఎదురింటి పాపకు తట్టు పోసింది. సంగతి సారుకు చెబితే, ఆదివారం నన్ను పత్తిమిల్లు ఆఫీసుకు తీసుకెళ్ళారు. నేను చూసిన మొదటి కంప్యూటరు అదే. తెర నిండా సారు వేసిన గళ్ళు. ఒక్కో వరుస ఒక్కో రోజు. ఇంకా సోకని పిల్లలు, జ్వరంలో ఉన్నవాళ్ళు, కోలుకున్నవాళ్ళు, పోయినవాళ్ళు. పైగడిలో అంకె మారిస్తే కిందివన్నీ వాటంతటవే మారేవి.

"జ్వరమొచ్చిన బిడ్డ రోజుకు ఎంతమంది పిల్లోళ్ళతో కలుస్తాదమ్మా?"

"వీధి పిల్లలందరితో సార్. పిల్లలంతా మగ్గాలకు నూలు కండెలు చుట్టేది మా ఇంట్లోనే."

సారు ఆ అంకె పెంచారు. పోయినవాళ్ళ గళ్ళలో సున్నాలు పోయి అంకెలు వచ్చాయి. ఆ పోయేవాళ్ళెవరో గళ్ళు చెప్పలేదు.

మర్నాడే మా ఇంటికి వచ్చారు. తమ్ముడు రాట్నం తిప్పుతున్నాడు. ఎదురింటి పాప, ఒళ్ళు కాలుతున్నా, వాడి పక్కనే కూర్చుని ఉంది.

"కొన్నాళ్ళు పిల్లోళ్ళను కలవనీకప్పా. ఎవరింట్లో వాళ్ళు చుట్టుకోనీ."

"వీధికంతా ఉండేది ఈ రాట్నమొక్కటే సారూ," అన్నాడు నాన్న. "కండె లేకుంటే మగ్గం నిలబడతాది. మగ్గం నిలబడితే పొయ్యి ఆరిపోతాది. మీ మిషను కండెలు చుడతాదేమో అడిగి సెప్పండి."

అందరూ నవ్వారు. సారూ నవ్వారు. తరవాత టీకాల కోసం ఆయనే ఆసుపత్రి చుట్టూ తిరిగారు. మందు రాలేదన్నారు అక్కడివాళ్ళు.

ఎదురింటి పాప కోలుకుంది. మా తమ్ముడు కోలుకోలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళెవరూ మా గడప తొక్కలేదు. సారు ఒక్కరే వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"నా లెక్క తప్పాలని మొక్కుకున్నా తల్లీ," అన్నారు.

తరవాత ఇంకొక్కసారి మిల్లుకు వెళ్ళాం. నా మాట మీద పెంచిన అంకె చెరిపి, ఆయన ఆ గడిలో 'ఒకటి' అని కొట్టారు. పోయినవాళ్ళ గళ్ళన్నీ సున్నాలయ్యాయి. తెర మీద మా వీధి పిల్లలందరూ బతికే ఉన్నారు. సారు చాలాసేపు చూసి స్విచ్చి ఆపారు. తెర ఆరినాక కూడా నడిమధ్య ఓ పచ్చటి చుక్క మిగిలింది. అది పోయేదాకా ఇద్దరం నిలబడే ఉన్నాం.