వస్తామన్న మాట

ఆమెను ఆ వీధిలో కళ్ళజోళ్ళమ్మాయి అంటారు. ముప్పై దాటినా అమ్మాయే. మూడో అంతస్తులోని దుకాణంలో అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం ఆమె పని. అద్దం తడి సానరాయి మీద తిరుగుతుంటే తెల్లటి బురద గోళ్ళలో చేరుతుంది. సబ్బుకి ఒక పట్టాన పోదు.

ఆ భవనం లిఫ్టు చూసే మెకానిక్‌ది వేరే భాష, వేరే తీరు. తెలుగు ఆమె దగ్గరే నేర్చుకుని, తన భాష ఆమెకి నేర్పాడు. సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ ఆమె "వస్తా" అనేది. మర్నాడు వచ్చేది. ఆ మాట ఆమె నోట అతనికి ఒక్కసారీ అబద్ధం కాలేదు.

తండ్రి దర్జీ. తెచ్చిన సంబంధాలన్నిటినీ కూతురు ఆ మెకానిక్ కోసం కాదంటూ వచ్చేసరికి విసిగి, "సరే, నీవాడి ఇల్లు చూస్తే పోయేదేముంది" అన్నాడు. ఒక ఆదివారం వెళ్ళారు. మెకానిక్ తల్లి టీ ఇచ్చింది. దర్జీ కుర్చీ అంచున కూర్చుని కర్టెన్ల కుట్టు మెచ్చుకున్నాడు. ఇటు మాట అటు, అటు మాట ఇటు కూతురే చేరవేసింది. లేచేటప్పుడు ఆయన చేతులు జోడించి, "మరి వస్తామమ్మా" అన్నాడు. కూతురు వంగి చెప్పులు తొడుక్కుంటోంది. అది కూడా అర్థం చెప్పాల్సిన మాటేనని తోచలేదు.

మెట్లు దిగుతూ తండ్రి, "మంచివాళ్ళే. మనకి కుదరదు" అన్నాడు. నాలుగు రోజులు పోయాక మళ్ళీ కదపవచ్చులే అనుకుని ఆమె ఊరుకుంది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం మెకానిక్ ఫోన్ చేశాడు.

"ఎక్కడ ఉన్నారు? అమ్మ పక్కింటి నుంచి కుర్చీలు తెచ్చింది."

"ఎవరి కోసం?"

"మీ కోసం. నాన్నగారు చెప్పారు కదా, వస్తాం అని."

ఆమె ఫోన్ చేత్తో మూసి, "లే నాన్నా, వెళ్దాం. వాళ్ళు మన కోసం కూర్చున్నారు" అంది.

సంగతి విని దర్జీ దగ్గొచ్చేదాకా నవ్వాడు. "వెళ్ళేటప్పుడు వస్తామనక చస్తామంటామా? ఇంత చిన్న మాట తెలియని ఇంట్లో ఏం మాట్లాడి బతుకుతావే?"

"నాన్నా, ఈ ఒక్కసారికి..."

"కూర్చో."

ఒక్కతే వెళ్ళవచ్చు. గుమ్మం దాకా వెళ్ళింది కూడా. వెళ్ళి, ఖాళీగా ఉండే నాన్న కుర్చీ గురించి ఏం చెప్పాలో తెలియలేదు. ఫోన్‌లో "ఇవాళ కాదు" అని పెట్టేసింది.

మర్నాడు అతను దుకాణానికి వచ్చాడు. ఆమె ఆ మాటకి అర్థం విడమరిచి చెప్పింది.

"నేనూ అడిగి తెలుసుకున్నాను. అమ్మకి చెప్పాను" అన్నాడు. "అమ్మ ఒకటి అడిగింది. రేపు ఆ పిల్ల వస్తానంటే, వస్తున్నట్టా, పోతున్నట్టా అని."

"నువ్వేమన్నావు?"

వేళ్ళకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఎంత తుడిచినా పోలేదు. "అమ్మ వద్దంది" అని, గుడ్డ జేబులో పెట్టుకుని, "వెళ్తాను" అన్నాడు.

ఆ సాయంత్రం తండ్రికి అన్నం పెడుతూ, "వాళ్ళు వద్దన్నారు" అంది.

దర్జీ ముద్ద కంచంలోనే ఆగింది. "వద్దనడానికి వాళ్ళెవరు?"

"మనకీ కుదరదనేగా అన్నావు."

"మనం అనుకోవడం వేరు. మనల్ని అనడం వేరు. మనలో ఏం తక్కువ చూశారట?"

తర్వాత ఆయన సంబంధాలు వెతకడం మానేశాడు. కత్తెర పట్టుకుని ఎవరు కనబడితే వాళ్ళకి ఆ అవమానమే చెప్పుకున్నాడు. చెప్పినకొద్దీ వాళ్ళ టీ పలచనైంది, కర్టెన్ల కుట్టు వంకరైంది. ఏడాది గడిచినా కూతురు పని నుంచి రాగానే అదే అడిగేవాడు.

"కనుక్కున్నావా, ఎందుకు వద్దన్నారో?"

"లిఫ్టుకి ఇప్పుడు వేరే మనిషి వస్తున్నాడు నాన్నా."

"అయితే ఆ మనిషినడుగు. వాడెక్కడున్నాడో చెప్తాడు."

ఆమె పిన్నీసుతో గోళ్ళలోని తెల్లటి బురద తీసుకుంటూ, "అడుగుతాలే" అంది.