సువర్ణరాజు బాబాయి అడిగిన ‘ట’

ఈ ఉదయం రేపల్లె దగ్గరి నగరం అనే ఊరు దాటాక మురుగు కాల్వ గట్టు మీద ఉన్నవారూ ఉన్నవీ ఇవి: నేను, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు ఇంజనీర్లు, రెండు మోటారు సైకిళ్ళు, నీళ్ళలో ఉప్పు కొలిచే చేతి మీటరు, నోటు పుస్తకం, అడుగుకొక గీత పెట్టిన వెదురు గడ, నడుముకు ఇటుక కట్టిన పాత గాజు సెలైన్ సీసా. సీసాకు ఒక తాడు, దాని రబ్బరు మూతకు వేరే తాడు. సీసాను కాల్వ అడుగుదాకా దించి మూత తాడు లాగాను. నీళ్ళ కింద ‘బుడుక్’ మంది. బుడగలు వరసగా పైకొచ్చి పగిలాయి. కదిలిన బురదలోంచి ఉప్పు కలిసిన కుళ్ళు వాసన లేచింది.

“కాల్వలో సెన్సారు ఉండగా మళ్ళీ ఈ సీసా ఎందుకు సార్?” అని వాళ్ళలో ఒకరు అడిగారు. ఒక్క ముక్కలో చెప్పడం నాకు చేతకాలేదు. ఆ సీసా తయారుచేసిన మనిషి గురించి చెప్పాల్సి వచ్చింది. గట్టు మీద చెప్పగా మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు సువర్ణరాజు. రేపల్లెలో మాకు పక్కిల్లు. నేను బాబాయ్ అనేవాణ్ణి. కోర్టులో అటెండరుగా చేసి రిటైరయ్యారు. గుమ్మంలో నిలబడి సాక్షుల పేర్లు మూడేసిసార్లు పిలవడం ఆయన పని. పిలిచాక గోడకు ఆనుకుని నిలబడి, వకీళ్ళు సాక్షుల్ని అడిగే ప్రశ్న ఒకటి ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ విన్నారు: కళ్ళారా చూశావా, ఎవరైనా చెప్తే విన్నావా? ఆయన చదువు పదో తరగతితో ఆగింది. సైన్సును తూచడానికి ఆయన దగ్గరున్న పరికరం ఆ ప్రశ్న ఒక్కటే. రిటైరయ్యాక నగరం దగ్గర పిన్ని వాళ్ళ పుట్టింటివారిచ్చిన ఎకరంన్నర సాగు చేసుకుంటూ, పొద్దున పూట అరుగు మీద కూర్చుని ఎర్ర పెన్సిలుతో పేపరు చదివేవారు.

నేను బాపట్లలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో శనివారం సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేవాణ్ణి. ఆదివారం ఆయన చర్చికి తయారయ్యేలోపు నన్ను కేకేసేవారు. సైన్సు పేజీ మడత పెట్టి ఉండేది. రోబోలు, రోగాలు పసిగట్టే కంప్యూటర్లు, నీళ్ళతో నడిచే కార్లు. ప్రతి వార్తలోనూ క్రియల చివర ఎర్ర పెన్సిలుతో ‘ట’ రాసి ఉండేది.

“ఏంట్రా అబ్బాయ్, ఈ కంప్యూటరు డాక్టరు కంటే ముందే రోగం పట్టేస్తుంది అని రాశాడు. పట్టేస్తుందట అనాలిగా? ఆ ‘ట’ ఏమైంది? అచ్చులో జాగా చాల్లేదా?”

“పరిశోధన జరిగింది బాబాయ్.”

“నువ్వు అక్కడున్నావా?”

“లేదు, చదివాను.”

“అయితే జరిగిందట. ఒక్క అక్షరం, నోరేం అరిగిపోదు.”

ఉడుక్కుని ఒకసారి నేనూ అడిగాను. “మరి బైబిల్లో ఎందుకు పెట్టరు బాబాయ్, మీ ‘ట’?” పిన్ని గుమ్మంలోంచి గుడ్లురిమింది. ఆయనకు కోపం రాలేదు. “అది నమ్మకం రా. నమ్మకానికి సాక్షి అక్కర్లా. సాక్షిని పిలవాల్సిన చోట నమ్మకాన్ని పిలిచేవాళ్ళతోనే నా తగాదా,” అని చొక్కా బొత్తాలు పెట్టుకున్నారు.

ఇదంతా విని ఆయన కొత్తదంటే గిట్టని మనిషి అనుకోకండి. ఇంట్లో ఇండక్షన్ పొయ్యి మా వీధిలో మొదట పెట్టించింది ఆయనే. పిడుగు హెచ్చరికల మెసేజీలు ఫోన్లకు రావడం మొదలయ్యాక, అందరూ నవ్వి ఊరుకుంటే ఆయన గోడ క్యాలెండర్లో లెక్క పెట్టారు. మెసేజ్ వస్తే ఒక గీత, ఉరుము వినబడితే దాని మీద అడ్డగీత. ఆ వర్షాకాలం మొత్తానికి ఇరవై మూడు గీతలు, పంతొమ్మిది అడ్డగీతలు. లెక్క నాకు చూపించి, “ఇది చూసిందిరా. దీనికి ‘ట’ తీసేశాను,” అన్నారు. తర్వాత ఎప్పుడు మెసేజ్ వచ్చినా పొలం నుంచి అందరికంటే ముందు ఇంటికొచ్చేది ఆయనే.

మాట్లాడితే జవాబు చెప్పే కృత్రిమ మేధ ఆయన ఫోన్లోకి నేనే ఎక్కించాను. ఏదైనా అడగమన్నాను. “రేపల్లె కోర్టులో అటెండరుగా చేసిన సువర్ణరాజు ఎవరు?” అని అడిగారు. అది తడుముకోకుండా చెప్పింది: ఆయన గొప్ప కవి, నాలుగు పుస్తకాలు రాశారు, గుంటూరులో ఘనసన్మానం జరిగింది. బాబాయి పొట్ట పట్టుకుని నవ్వారు. “ఏమే, నాకు సన్మానం చేశారట! శాలువా ఎక్కడ దాచావు?”

“చించి దిండు గలీబులు కుట్టాను,” అంది పిన్ని లోపల్నుంచి.

నవ్వు తగ్గాక ఆయన ఫోను తిప్పి తిప్పి చూశారు. “ఇన్ని తెలిసినదానికి తెలీదు అనడం రాలేదేంట్రా? మన కోర్టులో దొంగ సాక్షి కూడా ఒకచోట నీళ్ళు నములుతాడు. ఇది నమల్లా.” ఇంజనీరింగ్‌లో నాకు ఈ విషయం మీద ఎన్నో పాఠాలు చెప్పారు. ఇంత చిన్న మాటలో ఎవరూ చెప్పలేదు. అయినా నవ్వేసి వదిలేశాను. నాకు అంతకంటే ముఖ్యమైన పనులున్నాయనుకున్నాను.

ఆ పనులేమిటో చెప్పాలి. తెనాలిలో ఒక చిన్న కంపెనీలో చేరాను. రోజూ రేపల్లె నుంచి రైల్లో వెళ్ళొచ్చేవాణ్ణి. కాల్వ చివరి ఊళ్ళకు నీళ్ళు ఆలస్యమైతే రైతులు మురుగు కాల్వలో మోటారు వేసుకుని నారుమళ్ళు తడుపుకుంటారు. అయితే పోటుకు సముద్రపు నీళ్ళు ఆ మురుగు కాల్వల్లోకి ఎదురెక్కుతాయి. అందుకని కాల్వల్లో ఉప్పు కొలిచే సెన్సార్లు వేలాడదీసి, నీళ్ళు వాడుకోవచ్చో లేదో రైతుల ఫోన్లకు చెప్పడం మా పని. అమర్చే పద్ధతి నేనే రాశాను, పదకొండు అంశాల పట్టిక. అంత వివరంగా మా ఆఫీసులో ఎవరూ రాయలేదని మేనేజరు గారు మెచ్చుకున్నారు కూడా.

సెన్సార్లు పెట్టిన ఏడాది కాల్వ నీళ్ళు వేళకు రాలేదు. బాబాయి మడిలో నారు పోసి ఉంది. తెనాలిలో ఉన్న నాకు ఫోన్ చేశారు.

“మెసేజ్‌లో పచ్చ గుర్తు వచ్చిందిరా. నువ్వు చూశావా?”

“చూశాను బాబాయ్. నీళ్ళు బాగున్నాయి.”

నేను చూసింది ఆఫీసు కంప్యూటర్లో అంకెను. కాల్వను చూడలేదు. బాగున్నాయట అనడానికి అర సెకను పట్టదు. అనలేదు. నా నోటెంట ‘ట’ లేని మాట విని ఆయన మోటారు వేశారు. పక్క మడి కౌలుకు చేసే వెంకాయమ్మకు కూడా, “బాగున్నాయమ్మా, తోడుకో,” అని చెప్పారు.

ఐదో రోజుకు నారు కొసలు తెల్లబడ్డాయి. ఎనిమిదో రోజుకు రెండు మళ్ళూ ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. నేను వెళ్ళేసరికి బాబాయి గట్టు మీద నిలబడి ఉన్నారు. కేకలేస్తారనుకున్నాను. కోర్టులోలాగా అడిగారు.

“సెన్సారు ఎక్కడ పెట్టాలని రాశావు?”

“అడుగులో బాబాయ్. ఏడో అంశం. ‘సెన్సారు అడుగులో ఉండాలి’ అని రాశాను. ఉప్పు నీళ్ళు బరువు, కింద పడుకుంటాయి. మంచినీళ్ళు పైన తేలతాయి. మోటారు గొట్టం కిందనుంచి తోడుతుంది. అందుకని.”

“తియ్యి, చూద్దాం.”

వైరు పట్టుకుని లాగాను. ఒక్క గుంజుకు సెన్సారు చేతికొచ్చింది. నీళ్ళ కింద అది ఉన్నది పన్నెండు అంగుళాల లోతులో. బాబాయి దాన్నీ నన్నూ చూశారు.

“అడుగులోనే పెట్టాడుగా పాపం. నువ్వు రాసినట్టే.”

అమర్చినవాడి తప్పు లేదు. అడుగు అనే మాటకు రెండర్థాలున్నాయని నాకు తట్టలేదు. ఏడో అంశానికి ఎదురుగా, చూడకుండా, టిక్కు పెట్టింది కూడా నేనే.

అక్కణ్ణుంచి ఆయన నన్ను వెంకాయమ్మ మడి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ చచ్చిన నారు పీకి గుప్పిట్లో పట్టుకుని కూర్చుని ఉంది. బాబాయి చెప్పులు విప్పి నిలబడ్డారు.

“అమ్మా, నేను చూళ్ళేదు. ఇతను చెప్తే విన్నాను. విన్నదాన్ని చూసినట్టు నీకు చెప్పాను. తప్పు నాది.”

“నేనూ చూడలేదండీ,” అన్నాను.

ఆవిడ మా ఇద్దరి వంకా చూసింది. “నువ్వూ చూళ్ళేదు, ఈ కుర్రోడూ చూళ్ళేదు. మరి చూసిందెవురయ్యా? నా నారు చూసింది!”

ఆవిడకు మళ్ళీ నారు కావాలి. పని ఉంది. నాలుగు రోజులు నేనూ బాబాయీ వేమూరు, పొన్నూరు వైపు ఊళ్ళు తిరిగి, నాట్లు అయ్యాక మళ్ళలో మిగిలిన నారు అడిగాం. దొరికింది దొరికినట్టు ఆటోల్లో తెచ్చాం. ముందు వెంకాయమ్మ మడి నిండింది. బాబాయి ఎకరంన్నరలో అర ఎకరం ఆ ఏడు బీడు పడింది. అందుకు ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అన్నదల్లా వేరే. పాత సామాన్లలోంచి గాజు సెలైన్ సీసా తీసి, ఇటుక కట్టి, మూతకు తాడు బిగించి తెచ్చారు. “పైన చూసినోడు కింద సంగతి చెప్పకూడదు. ఇది కిందకెళ్ళి చూసొచ్చే సాక్షి. దీన్ని పిలిచాకే నువ్వు మాట్లాడు.” ఆ రోజు పైనీళ్ళు కొలిచాం, అడుగునీళ్ళు కొలిచాం. పైన పచ్చ గుర్తు, కింద ఎర్ర గుర్తు. మధ్యలో నాలుగడుగుల నీళ్ళు.

మర్నాడు తెనాలి ఆఫీసులో జరిగింది జరిగినట్టు చెప్పాను. సెన్సార్లన్నీ కిందకు దించుతామని మేనేజరు గారు వెంటనే ఒప్పుకున్నారు. నా రెండో షరతు దగ్గర ఆగారు. మనిషి వెళ్ళి సీసా దించి చూడని వారం, మెసేజ్‌లో ‘బాగున్నాయి’ అని పంపకూడదు, ‘బాగున్నాయట’ అని పంపాలి.

“మెసేజ్‌లో ‘ట’ పెడతావా? జనం నవ్వుతారయ్యా.”

“నవ్వనివ్వండి సార్.”

“మన యంత్రాన్ని మనమే నమ్మట్లేదనుకుంటారు.”

“ఎంతవరకు చూశామో అంతవరకే చెప్తున్నాం సార్. మీరు కాదంటే మెసేజ్‌లో పచ్చ గుర్తు కింద వేసే నా పేరు తీసేయండి.”

మూడు వారాలు తేలలేదు. నా పేరు తీసేశారు కూడా. నేను ఆదివారాలు సొంత బండి మీద వెళ్ళి సీసా దించి, యంత్రం అంకె ఒక వరసలో, సీసా అంకె ఒక వరసలో రాసి, సోమవారం మేనేజరు గారి బల్ల మీద పెట్టాను. సెన్సార్లు దించాక చాలాచోట్ల రెండు అంకెలూ కలిశాయి. రెండు చోట్ల బురద పట్టి కలవలేదు. ఆ రెండూ చూశాక ఆయన ‘ట’కు ఒప్పుకున్నారు. మొదటి మెసేజ్ బాబాయికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, “అచ్చులో జాగా ఉందన్నమాట,” అన్నారు.

పోయిన ఏడాది ఆయన్ను తెనాలి ఆసుపత్రిలో చేర్చారు. ఆఫీసు నుంచి నడిచి వెళ్ళాను. “ఏమన్నారు బాబాయ్?” అంటే, “తగ్గిపోద్దటరా,” అన్నారు. నవ్వుతూనే అన్నారు. తొమ్మిదో రోజు పోయారు. రేపల్లె చర్చిలో, నవ్వులు మానేసిన పిన్ని పక్కన కూర్చుని, పాటలు విన్నాను. ఆ వేళ నాకు ఎక్కడా ‘ట’ పెట్టబుద్ధి కాలేదు. అది వేరే కోర్టు.

సీసా పిన్ని నాకిచ్చింది. మూత రెండుసార్లు మార్చాను, ఇటుక ఒకసారి. కొత్తగా చేరినవాళ్ళకు నేనిచ్చే పట్టికలో ఇప్పుడు పన్నెండు అంశాలున్నాయి. ఏడోదానిలో ‘నేల తగిలేదాకా’ అని ఉంటుంది. పన్నెండోది సీసా. ఈ ఏడు కాల్వ మళ్ళీ ఆలస్యం. వెంకాయమ్మ నిన్న నారు పోసింది, తడి కోసం కాచుకుని ఉంది. ఆవిడ మడి దగ్గర సీసా నేనే దించాను. బాగున్నాయి. సాయంత్రం ఆరింటికి మెసేజ్ వెళ్ళాలి. మొత్తం సెన్సార్లు పద్నాలుగు. చూసినవి పదకొండు. ‘ట’తో వెళ్ళేవి మూడు.