మూడో టపాకాయ

కాదు, జాతి వల్ల కాదు. ఈ మాట ఇంకెన్నిసార్లు చెప్పాలి? మొన్న, చప్పుడుకి భయపడి దాక్కున్న మా కుక్క ఫోటో పెడితే మళ్లీ అవే కామెంట్లు. "షెల్టర్ కుక్క కదా, ముందు ఎవరో కొట్టుంటారు." "ఏ జాతో తెలీని కుక్క వేటకేం పనికొస్తుంది?" "ట్రైనింగ్ ఇచ్చింది ఎవరో పెద్దాయనట కదా, ఆయనే ఏదో చెడగొట్టుంటాడు." మొదటి రెండూ చదివి పళ్లు కొరుక్కున్నాను. మూడోది చదివి ఫోన్ సోఫా మీదకి విసిరేశాను. ఐదేళ్లుగా ఎవరు ఆ మాటన్నా నాకు ఒళ్లు మండుతుంది. మండాల్సింది ఎవరి మీదో తెలుసు కాబట్టి ఇంకా మండుతుంది.

ఐదేళ్లుగా మోస్తున్నాను దీన్ని. అమ్మకి చెప్పలేదు. రూమ్మేట్‌కి చెప్పలేదు. మీ పేరు నాకు తెలీదు, నా పేరు మీకు తెలీదు. అందుకే మీకు చెప్తున్నాను.

నేను పుట్టి పెరిగింది హైదరాబాద్, దిల్‌సుఖ్‌నగర్‌లో. ఉద్యోగానికి అమెరికాలోని క్యారీ అనే ఊరికి వచ్చిన కొత్తలో, ఇక్కడి నిశ్శబ్దం భరించలేక షెల్టర్‌కి వెళ్లి కుక్కని తెచ్చుకున్నాను. లాబ్రడార్‌లో ఇంకేదో కలిసింది. ఏం కలిసిందో వాళ్లకీ తెలీదు. లేత గోధుమ రంగు, ఒంటి మీద అక్కడక్కడా ముదురు గోధుమ మచ్చలు. జీడిపప్పులు వేసిన ఉప్మాలా ఉండేది. ఉప్మా అనే పేరు పెట్టేశాను. మగకుక్క. రెండేళ్లుంటాయేమో అప్పటికి. దానికి ప్రపంచంలో శత్రువు లేడు. పోస్ట్ తెచ్చేవాడు, గడ్డి కోసేవాడు, పక్కింటి పిల్లి, అందరూ చుట్టాలే.

ఒక శనివారం పొద్దున చెరువు పక్క పార్కులో అది నా చేతిలోంచి జారిపోయి నీళ్లలోకి దూకింది. నేను గట్టు మీద నిలబడి గొంతు చించుకుంటున్నాను: "ఉప్మా! అరేయ్ ఉప్మా! బయటికి రారా!" దూరంగా నడుస్తున్న ఒక పెద్దాయన ఠక్కున ఆగి వెనక్కి తిరిగాడు. ఉప్మా ఎవరో పారేసుకున్న ప్లాస్టిక్ పళ్లెం నోట్లో పట్టుకుని, ఈదుకుంటూ వచ్చి, నా దగ్గరికి కాదు, నేరుగా ఆయన దగ్గరికెళ్లి ఆయన బూట్ల మీద పెట్టింది.

ఆయన ఆ పళ్లెం తీసి తిప్పి చూశాడు. ఒక్క పంటి గాటు లేదు. "అమ్మాయ్, దీని నోరు చూశావా? పువ్వు పట్టుకున్నట్టు పట్టుకుంది. ఇది బాతుల కుక్కమ్మా" అన్నాడు. తర్వాత అడిగాడు, "పేరు మాత్రం ఉప్మా ఏవిటి? బురదలో నిలబడి ఉప్మా, ఉప్మా అని అరిస్తే బాతులు నవ్వి పోతాయి."

అలా పరిచయం అంకుల్. కొల్లేటి పక్క ఊళ్లో పుట్టి, ఇక్కడికొచ్చి, నలభై ఏళ్ల పైన ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆంటీ లేరు. ప్రతి చలికాలం కొంతమంది అమెరికన్ మిత్రులతో సముద్రం దగ్గర బురద నేలల్లో బాతుల వేటకి వెళ్లేవారు. ఆయన తయారు చేసిన కుక్కలు వాళ్లలో పేరున్నవి. చివరి కుక్క పోయాక మళ్లీ పెంచుకోలేదు. "డెబ్బై ఆరేళ్లవాడికి కుక్కపిల్లెందుకు, మధ్యలో వదిలేసి పోవడానికా" అనేవారు. ఉప్మాని చూశాక ఆ మాట మానేశారు.

ఆ మార్చి నుంచి అక్టోబర్ దాకా నా జీవితంలో బాగున్న రోజులవి. ఇప్పుడు అనుకుంటున్నాను, అప్పుడు తెలీలేదు. శని ఆదివారాలు పొద్దున ఆరింటికి ఆయన పాత ట్రక్కు మా అపార్ట్‌మెంట్ ముందు ఆగేది. ఫ్లాస్కులో ఫిల్టర్ కాఫీ. ఫాయిల్ చుట్టిన పులిహోర, అదీ ఆయన చేసిందే. చెరువు మీద పొగలా మంచు. ఆయన మెడలో విజిల్, చేతిలో గుడ్డతో చేసిన డమ్మీ. అంటే బాతుకి బదులు విసిరేది. కుక్క దాన్ని నమలకుండా తెచ్చి చేతికివ్వాలి. వాసన అలవాటు కావాలని ఆయన డమ్మీకి నిజం బాతు రెక్క కట్టేవారు. ఆ రెక్క మా ఫ్రిజ్‌లో, కొబ్బరి తురుము పక్కన, జిప్ కవర్లో ఉండేది. మా రూమ్మేట్ అది చూసి పెట్టిన కేక నాకింకా గుర్తే.

ఉప్మాతో వచ్చిన చిక్కల్లా దాని స్నేహమే. డమ్మీ తేవడం బ్రహ్మాండంగా తెచ్చేది, కానీ దారిలో ఎవరు కనిపిస్తే వాళ్లకిచ్చేది. అవతలి గట్టున చేపలు పట్టుకునే ఒకాయనకి ఒక్క పొద్దునే నాలుగుసార్లు ఇచ్చింది. నాకు కోపమొచ్చి అరిచేదాన్ని. అంకుల్ నవ్వేవారు. "అరవకే తల్లీ. అది లోకానికి దానం చేస్తోంది. ముందు నువ్వే దానికి లోకం అవ్వాలి." జూన్‌కి నా దగ్గరికే రావడం మొదలుపెట్టింది. ఆగస్టుకి విజిల్ ఒక్కసారి ఊదితే నీళ్ల మధ్యలో ఆగి నా చేతి వైపు చూసేది. నేను ఎటు చూపిస్తే అటు ఈదేది. అలా ఒక ప్రాణి నా చెయ్యి చూసి నమ్మడం నాకదే మొదటిసారి. ఇదంతా ఫోన్లో తీసి పెట్టేదాన్ని. జనం చూసేవాళ్లు. నాకు బాగుండేది.

ఇంక నేర్పాల్సింది తుపాకి చప్పుడుకి బెదరకపోవడం. అంకుల్ దగ్గర దానికో పద్ధతి ఉంది. ముందు కొన్ని వారాలు కుక్క తింటుంటే పక్క గదిలో గిన్నెలు చప్పుడు చెయ్యాలి. తర్వాత గుండు లేకుండా ఉత్త చప్పుడు చేసే పిస్టల్, చాలా దూరం నుంచి, అది డమ్మీ కోసం పరిగెత్తే ఆనందంలో ఉండగా. రోజుకి కాస్త దగ్గరగా. తోక కిందకి దిగిందా, ఆ రోజుకి అక్కడితో ఆపి ఇంటికెళ్లిపోవాలి. "తుపాకి వంక చూడకు, తోక వంక చూడు" అనేవారు.

నాకు ఓపిక లేదు. ఎప్పుడూ లేదు. డిసెంబర్ వేటకి ఉప్మాని తెస్తానని ఆయన మిత్రులకి చెప్పేశారు. షెల్టర్ కుక్కా అని వాళ్లు నవ్వారట. ఆ నవ్వు నాకెక్కువ గుచ్చుకుంది. "ఇంకెన్ని రోజులంకుల్ ఈ గిన్నెలు కొట్టుడు?" అని రోజూ పోరు పెట్టాను. చివరికి ఆయన మెత్తబడి, సరే, వచ్చే ఆదివారం దూరం నుంచి ఒక్కటి కాలుద్దాం అన్నారు.

ఆ వారంలోనే దీపావళి వచ్చింది. ఇక్కడ అమ్మరని మా ఫ్రెండ్స్ పక్క రాష్ట్రం సౌత్ కరోలినా వెళ్లి తెచ్చిన టపాకాయలు కొన్ని మిగిలితే నా కారులో పెట్టుకున్నాను. శనివారం మధ్యాహ్నం ఉప్మాని తీసుకుని, ఇళ్లు కట్టడానికి చదును చేసి వదిలేసిన ఖాళీ స్థలానికి వెళ్లాను.

ఏమనుకున్నాను? రేపు తడబడకుండా ఈరోజే అలవాటు చేద్దామనుకున్నాను. ఒక్క రోజులో అయిపోతే వీడియో పెట్టి అంకుల్‌ని ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. మా గల్లీలో కుక్కలు ఏటా దీపావళి చూసేవి, వాటికేమైంది అనుకున్నాను. తర్వాత చాలా రోజులకి తట్టింది నాకు. దీపావళి రోజు మా గల్లీలో నేను ఒక్క కుక్కని కూడా చూడలేదు. ఎప్పుడూ. అవి ఎక్కడికి పోయేవో, ఏ కారు కింద వణికేవో, పండగ బట్టల్లో ఉన్న నాకేం పట్టింది?

ఉప్మా తాడు అక్కడున్న ఇనుప స్తంభానికి కట్టాను. ముందు చికెన్ ముక్కలు పెట్టాను. ఫోన్‌ని కారు బానెట్ మీద నిలబెట్టి రికార్డింగ్ నొక్కాను. మొదటిది పేలింది. ఉప్మా ఎగిరిపడి నా వైపు చూసింది. తోక దిగింది. ఆపాలి. నాకు తెలుసు ఆపాలని. రెండోది వెలిగించాను. అది నేలకి అంటుకుపోయి, పడుకున్నచోటే తడిపేసుకుంది. చికెన్ ముట్టలేదు.

అప్పుడు నాకు కోపమొచ్చింది. ఇదీ నేను చెప్పాల్సింది. ఇంతసేపూ దీని చుట్టూనే తిరుగుతున్నాను. ఎనిమిది నెలల కష్టం, డిసెంబర్, ఆ నవ్వినవాళ్లు, ఆ వారం ఆఫీసులో పడ్డ తిట్లు, అన్నీ కలిసి ఆ కుక్క మీద కోపమొచ్చింది. "ఏమైందని ఇప్పుడు? లే!" అని అరిచి మూడోది వెలిగించాను. మొదటి రెండూ తెలివితక్కువతనం అనుకుందాం. మూడోది కాదు. మూడోది దాన్ని శిక్షించడానికి వెలిగించాను.

సాయంత్రానికే అది నా చెయ్యి నాకింది. ఆదివారం పొద్దున ట్రక్కు చప్పుడు వినగానే తోక ఊపుకుంటూ పరిగెత్తింది. అంకుల్ కాసేపు పరీక్షగా చూసి, బానే ఉంది అనుకున్నారు. అంత స్నేహం దానిది. నేను చేసింది అదే దాచిపెట్టింది.

డమ్మీ విసిరాను. ఫుట్‌బాల్ గ్రౌండంత దూరంలో అంకుల్ ఒక్కసారి పిస్టల్ కాల్చారు. ఉప్మా డమ్మీ వదిలేసింది. చెట్లలోకి పారిపోయింది. మూడు గంటలు వెతికాం. చివరికి చెరువు మీది చెక్కవంతెన కింద కనిపించింది, బురదలో ముడుచుకుని. అంకుల్ ఆ వయసులో బోర్లా పడుకుని చెయ్యి చాపి పిలిచారు. రాలేదు. నేను పిలిస్తే వచ్చింది. పాక్కుంటూ వచ్చి నా ఒళ్లో దూరింది. ఆయన బురదలోంచి లేవకుండా అలా చూస్తూ ఉండిపోయారు.

తర్వాత ట్రక్కు వెనక కూర్చున్నాం. కాఫీ చల్లారిపోయింది.

"అమ్మా, ఈ రెండు మూడు రోజుల్లో టపాకాయల చప్పుడేవన్నా విందా ఇది? దీపావళి కదా."

"లేదంకుల్."

"ఎవరన్నా దగ్గర్లో కాల్చారేమో. గుర్తు తెచ్చుకో. కారణం తెలిస్తే నిదానంగా మాన్పించొచ్చు. నేను మాన్పించాను ఇదివరకు."

"లేదంకుల్. ఇంట్లనే ఉండె. నా పక్కనే పండుకుంది."

ఆయన తలూపారు. తన చేతులు చూసుకున్నారు. "అయితే నాదే. దూరం తక్కువైంది. ఈ మధ్య కళ్లు సరిగ్గా అంచనా కట్టట్లేదు. ఇన్నేళ్లలో ఒక్క కుక్కనీ పాడు చెయ్యలేదమ్మా నేను."

"మీది కాదంకుల్ తప్పు."

"ఓదార్చకమ్మా. నాకు తెలుసు."

ఆ నిమిషంలో చెప్పేయొచ్చు. ఎందుకు చెప్పలేదు? తిడతారనా? తిట్టేవారు, తర్వాత పని మొదలుపెట్టేవారు. కారణం దొరికితే మాన్పించొచ్చని ఆయనే అన్నారు కదా. ఆ ఒక్క 'లేదు'తో కుక్కకి మందు లేకుండా చేశాను, మనిషికి నమ్మకం లేకుండా చేశాను. నా పరువు కోసం. అంతే.

మెడలో విజిల్ తీసి నా చేతిలో పెట్టి వెళ్లారు. ఆ డిసెంబర్ ఆయన వేటకి వెళ్లలేదు. మరే డిసెంబరూ వెళ్లలేదు. కళ్లు పని చెయ్యట్లేదని ఆయనే చెప్పడంతో కొడుకు వచ్చి ట్రక్కు అమ్మేసి, షాంటిలీ అనే దూరపు ఊళ్లో తన ఇంటికి తీసుకెళ్లిపోయాడు. ఎప్పటినుంచో రమ్మంటున్నాడట, ఈయనే ఒప్పుకోలేదట.

ఉప్మాకి ఇప్పుడు మూతి నెరిసింది. జూలై నాలుగున, ఇక్కడి స్వాతంత్ర్య దినం టపాకాయలకి, చీకటి పడితే బట్టల అలమరాలో దూరుతుంది. నేనూ దాంతో పాటు దూరి, కోట్ల కింద దాని చెవులు మూసి కూర్చుంటాను. ఆ వీడియో ఇంకా ఉంది. నలభై ఒక్క సెకన్లు. మూడు ఫోన్లు మారాను, ప్రతి ఫోన్‌లోకీ అదే నడిచి వచ్చింది. డిలీట్ చేస్తే సాక్ష్యం పోతుంది. ఉంచితే చూడలేను.

అంకుల్‌కి ఎనభై ఒకటి. ప్రతి ఆదివారం వీడియో కాల్ చేస్తారు. నా బాగోగులు రెండు ముక్కల్లో అయిపోతాయి. తర్వాత ఫోన్ ఉప్మా మొహం దగ్గర పెట్టమంటారు. "ఏరా ఉప్మా, నా మీద కోపం పోయిందా? తప్పయిపోయిందిరా, ముసలాణ్ణి" అంటారు. అది ఆ గొంతు విని తోక ఊపుతుంది. పోయింది అంకుల్, అంటాను నేను.

ఇది రాస్తుంటే చేతులు కాస్త తేలికయ్యాయి. చేతులే. రేపు మళ్లీ ఆదివారం. చెప్తానో లేదో నాకే తెలీదు, మాటివ్వను. ఈ వయసులో ఆయనకెందుకు చెప్పడం, వదిలెయ్ అని కింద రాసేవాళ్లు ఉంటారు, నాకు తెలుసు. రాయండి. కానీ ఒక పెద్దమనిషి తను చెయ్యని తప్పుకి వారం వారం ఒక కుక్కని క్షమాపణ అడుగుతుంటే, ఆ ఫోన్ పట్టుకుని నేను ఊరుకోవడం దయ అని, మీలో ఒక్కరైనా నా మొహం మీద అనగలరా?