కారు దిగేటప్పుడు వచ్చిన చప్పుడు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల పక్కన ట్రాఫిక్‌లో ఆగి ఉన్నాను. మందుల షాపు ముందు నిలిపిన ఒక పాత కారులోంచి ఒక పెద్దాయన దిగుతున్నాడు. కుడికాలు బయట పెట్టి, ఎడమచేత్తో స్టీరింగ్ పట్టుకుని, బావిలోంచి చేద లాగినట్టు తనను తాను పైకి లాక్కున్నాడు. వెనకవాళ్లు హారన్ కొట్టేదాకా నేను కదల్లేదు. ఆ స్టీరింగ్ చక్రం కింద ఏ బోల్టు రంధ్రం ఎటు సాగుతుందో నాకు తెలుసు. కార్ల గురించి నాకు తెలిసినదల్లా దాదాపు అదొక్కటే. అది తెలిసిన రోజు మాత్రం బాగా గుర్తుంది.

అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడ రెండు కోచింగ్ సెంటర్లలో లెక్కలు చెప్పేవారు. ఒకటి ఇంటికి దగ్గర, రెండోది సైదాబాద్ అవతల. మాకొక పాత తెల్ల కారు ఉండేది. తెలుపు అని కాగితాల్లో రాసి ఉండేది గాని, అప్పటికది మరిగిన పాల రంగుకు వచ్చింది. ఆ ఏడు దాని స్టీరింగ్ వదులైంది. పక్కకు తిరగడంలో తేడా లేదు. చక్రం మొత్తం, దాన్ని మోసే గొట్టంతో సహా, కదిలే పన్నులా కిందికీ పైకీ ఆడేది. నాన్న దానికి మూడుసార్లు బోల్టులు బిగించారు, ఒకసారి వీధి చివరి మెకానిక్ చేత, రెండుసార్లు తానే స్పానర్ పట్టుకుని డాష్‌బోర్డు కింద తలపెట్టి. బిగించిన పది రోజులకు మళ్లీ మొదటికి వచ్చేది. "రోడ్లు అలా తగలడ్డాయి, దాని తప్పేముంది" అనేవారు. ఆయన తన విద్యార్థులను కూడా అంతగా వెనకేసుకొచ్చేవారు కాదు.

అమ్మకు ఆ కారు చూస్తే భయం. "ఈసారి కూడా తిరగబెడితే అమ్మేద్దాం. సందు మొదట్లోనే బస్సు ఆగుతుంది, అందరూ ఎక్కట్లేదా?" అంది. నాన్న తల వంచుకుని అన్నం కలుపుకున్నారు. నేను అమ్మ పక్షమే. ఆ రోజుల్లో మనుషులతో మాట్లాడడానికి బదులు డైరీతో మాట్లాడేదాన్ని. "నాన్నకు ఆ కారంటే మొండి మమకారం. మా ప్రాణాల కన్నా ఎక్కువ" అని ఆ రోజు పేజీలో రాశాను. పుస్తకాలు చదివే పిల్లననే ధీమాతో, రాయగానే అది నిజమైపోయిందనుకున్నాను.

ఎల్బీ నగర్‌లో ఒక మంచి పనివాడున్నాడని ఎవరో చెప్పారు. నల్గొండ వైపు ఊరి నుంచి వచ్చినవాడు, అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు. ఒక ఆదివారం పొద్దున నాన్న నన్ను వెంట రమ్మన్నారు. ఎందుకో నాకు తెలుసు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. ఎవరూ ఏమీ అనకపోయినా నాన్న దుకాణాల్లో మాటలు తగ్గించేశారు. తన నోటి వెంట "అండి" రాగానే ఊరు తెలిసిపోతుందని ఆయన బెంగ. "నువ్విక్కడే పుట్టావమ్మా, నీ మాటకు ఊరు తెలియదు. నువ్వు చెప్పు" అన్నారు. కూరగాయల బండి దగ్గర కూడా వేలితో చూపించి కొనే నన్ను పట్టుకుని మాట్లాడమన్నారు.

షెడ్డు మీద గులాబీ జెండా ఎగురుతోంది. నాన్న దాన్ని చూసి, కారును పది గజాల ముందే ఆపి, మళ్లీ అక్కడిదాకా పోనిచ్చారు. ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నేను నా సంచిని పట్టుకుని నాన్న వెనక్కి జరిగాను. ఇక నాన్నే "స్టీరింగ్ కొంచెం... వదులు..." అని ముక్కలు ముక్కలుగా అన్నారు. ఉస్తాద్ కాసేపు ఆయన మొహం చూశాడు.

"సార్, ఆ 'అండి'ని మింగకుండ్రి, గొంతుల ఇరుక్కుంటది. జెండా నా దుకాణానిది. బండి ఏ జిల్లాదని నేనెన్నడు అడగలే."

నాన్న చాలాకాలానికి గట్టిగా నవ్వారు. "అలాగేనండి" అని, మూడుసార్లు బిగించిన సంగతి కూడా చెప్పారు.

ఉస్తాద్ ఇంజిను ఆపించి, మొదట స్టీరింగ్ చక్రాన్ని ఎడమకు కుడికి తిప్పాడు. తర్వాత రెండు చేతులతో పట్టుకుని పైకి, కిందికి, తన వైపుకు లాగి చూశాడు. లోపల ఏదో టక్కుమంది. అప్పటిదాకా స్పానర్ ముట్టుకోనే లేదు. "మూడుమాట్లు బిగిచ్చినమంటున్నరు. బోల్టు మల్ల ఎందుకు లూజ్ అయితుందో సూడకుంట ఊకె బిగిస్తే ఏం ఫాయిద?" అంటూ సీటు వెనక్కి జరిపి, వెల్లకిలా పడుకుని, గొట్టాన్ని డాష్‌బోర్డుకు పట్టి ఉంచే ఇనుప పట్టీని విప్పి బయటికి తీశాడు. దాన్ని కిరసనాయిలుతో తుడిచి ఎండకు పట్టి మా ఇద్దరినీ పిలిచాడు. బోల్టులు దూరే రెండు రంధ్రాలు గుండ్రంగా లేవు, గుమ్మడి గింజల్లా సాగి ఉన్నాయి. "గుంతల పడి అరిగితే సుట్టూత అరుగుతది. గిది ఒక్క దిక్కే అరిగింది. ఎవరో రోజు ఒక్క దిక్కే గుంజుతున్నరు. గా చప్పుడు ఎప్పుడొస్తది సార్?"

"గుంతల్లోనేనండి" అన్నారు నాన్న.

ఆయన ఆ మాటను చాలా తొందరగా అన్నారు. నా సంచిలో డైరీ ఉంది. అందులో అంతకుముందు రెండు నెలల పేజీల్లో నాలుగైదు చోట్ల "టక్" అని రాసి ఉంది. నాన్న ఇంటికి వచ్చిన గుర్తు అది. కిటికీ దగ్గర చదువుకుంటుంటే గేటు ముందు ఇంజిను ఆగేది, కాసేపు ఏమీ వినిపించేది కాదు, తర్వాత "టక్", ఆ తర్వాత చెప్పుల చప్పుడు. ఆ "కాసేపు" ఎందుకో నేనెప్పుడూ ఆలోచించలేదు. నా నోటి నుంచి మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"గుంతల్లో కాదు నాన్నా. నువ్వు దిగేటప్పుడు."

ఉస్తాద్ నా వైపు చూడలేదు. పట్టీని తాత్కాలికంగా బిగించి, "సార్, ఒక్కసారి కూసోని దిగుండ్రి" అన్నాడు మామూలుగా. నాన్న కూర్చున్నారు. దిగడానికి మాత్రం చాలాసేపు పట్టింది. రెండు చేతులతో కుడి మోకాలిని ఎత్తి బయట పెట్టుకున్నారు. తర్వాత ఎడమచేత్తో చక్రాన్ని పట్టుకుని, పళ్లు బిగించి లేచారు. టక్. ఇంట్లో మేమెవరం చూడని పని అది. చూసేవాళ్లు లేకుండా రోజూ గేటు బయటే పూర్తి చేసుకుని వచ్చేవారు.

ఉస్తాద్ రంధ్రాలను వెల్డింగ్‌తో పూడ్చి, కొత్తగా గుండ్రంగా తొలిచి, కొత్త బోల్టులు వేశాడు. మధ్యాహ్నమైంది. అయిపోయిందనుకున్నాక తుక్కు కుప్పలో వెతికి, ఏదో జీపు నుంచి పీకిన నల్లటి పిడి ఒకటి తెచ్చి, డ్రైవరు తలుపు పైన కప్పు అంచుకు గట్టిగా బిగించాడు. "గిది పట్టుకొని దిగు సార్. స్టీరింగ్‌ను ఇడిచిపెట్టు, పాపం దానికేం తెల్వది" అన్నాడు. ఈసారి "సార్"తో పాటు వచ్చిన "దిగు" అనే ఏకవచనాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

తిరిగి వస్తుంటే కొత్తపేట దాటాక నాన్న రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా చెప్పారు. "బస్సు మెట్లు ఎక్కలేనమ్మా. మొదటి మెట్టు మీదే కాలు మొరాయిస్తుంది. వెనక పిల్లలుంటారు, నా దగ్గర చదివేవాళ్లు. కారు అమ్మేస్తే ఆ సైదాబాద్ క్లాసులు మానెయ్యాలి." గేరు మారుస్తూ, "ఇది డైరీలో రాస్తావా?" అన్నారు. రాయనన్నాను. "రాసుకో. అమ్మకు మాత్రం నేనే చెప్తాను" అన్నారు. చెప్పడానికి నాలుగు రోజులు తీసుకున్నారు. విన్నాక అమ్మ, "కారును తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలా ఇప్పుడు?" అని లోపలికి వెళ్లి, కొబ్బరినూనె వేడిచేసి తెచ్చింది. అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు. దానికి బదులు, పిల్లకు కూడా నడపడం నేర్పమంది.

అలా నాకు డ్రైవింగ్ నేర్పింది బంద్‌లే. బంద్ రోజున నాగోల్ వైపు లోపలి రోడ్లు ఖాళీగా ఉండేవి. ఒకసారి రోడ్డు మధ్యలో కారు ఆగిపోయి నేను చెమటలు కక్కుతుంటే, జెండాలు పట్టుకుని వస్తున్న కుర్రాళ్ల గుంపు మా వైపే మళ్లింది. నాన్న అద్దం దించి, బంద్ రోజున కారు ఎందుకు తీశామో వివరించబోయారు. "అంకుల్, గా సంగతి తర్వాత. అక్కా, క్లచ్ మెల్లగ ఇడువు" అంటూ వాళ్లు జెండాలు చంకలో పెట్టుకుని వెనక నుంచి తోశారు. నినాదం ఆపకుండానే తోశారు.

నేను నడపడం ఎక్కువైన కొద్దీ నాన్న నడపడం తగ్గింది. ముందు వర్షం రోజుల్లో, తర్వాత ఎండ రోజుల్లో. మందుల షాపు ముందు పెద్దాయన్ని చూసిన రోజు ఇంటికి వచ్చి పాత డైరీలు తీశాను. బంద్‌లన్నీ రాసి ఉన్నాయి. పిడి బిగించిన ఆదివారం ఉంది. తర్వాత కారు మార్చినప్పుడు ఆ పిడిని విప్పించి కొత్తదానికి ఎడమ తలుపు పైన, నాన్న కూర్చునే వైపు, పెట్టించిన రోజు కూడా ఉంది. నాన్న ఆఖరిసారి కారు నడిపిన రోజు ఏదో మాత్రం ఎక్కడా లేదు. ఆ రోజు కూడా ఆయన మామూలుగానే గేటు ముందు ఇంజిను ఆపి ఉంటారు, పిడి పట్టుకుని చప్పుడు లేకుండా దిగి ఉంటారు. చప్పుడు చేయని రోజులను నా డైరీ పట్టుకోలేకపోయింది, కాలం ఎక్కువగా వాటిలోనే నడిచిపోయింది.