శేర్‌బాజ్ పతకం అంచు

రావల్పిండి సదర్ బజారులో సిపాయిల పతకాలను వరసగా పట్టీకి కుట్టి, కొత్తవాటి మీద పేర్లు చెక్కి ఇచ్చే దర్జీని నేను. నా పక్క గదిలో మీర్దాద్ ఉండేవాడు. పాత పతకాలు ఎవరు పట్టుకొచ్చినా, అవి ఏ సిపాయివో తేల్చేది అతనే. భూతద్దం పెట్టి, అంచు మీద చెక్కిన నంబరు, పేరు, పటాలం చదివేవాడు. పూర్తిగా చదవలేనిదాన్ని చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. మొండిఘటం!

"ఈ మూడూ ఒకే మనిషివి, మీర్దాద్ భాయ్. కళ్ళు మూసుకుని చెప్పొచ్చు" అన్నాడొకసారి ఒక దళారి.

"కళ్ళు మూసుకునే చెప్పినట్టున్నావు. ఈ నంబరువాడు పటాలంలో చేరింది యాభైలో. నలభై ఎనిమిది కశ్మీర్ యుద్ధం పతకం బళ్ళో పలక పట్టుకు తిరుగుతుంటే ఇచ్చారా? ముగ్గురిని తెచ్చి ఒకే పట్టీకి ఉరేశావు కదరా!"

దొంగ పేరు చెక్కించి తెచ్చినవాణ్ణయితే మెడ పట్టి గెంటేసేవాడు.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. అతని అన్న శేర్‌బాజ్ అరవై ఐదు యుద్ధంలో పోయాడు. శవం దొరకలేదు, గోరీ లేదు. ఇంట్లో ఆయన పేరున్న వస్తువు కశ్మీర్ పతకం ఒక్కటే. తిండికి లేని రోజుల్లో వదిన జైతూన్ బీబీ దాన్ని పాత సామాన్లవాడికి అమ్మి, మరిదికి రొట్టె పెట్టింది. ఆ రొట్టె తిన్నవాడు మీర్దాద్. ముప్పై ఏళ్ళుగా ఆ పతకం కోసమే వెతుకుతున్నాడు.

ఆ చలికాలం వదిన మంచం పట్టింది. చూపు అంతకు ముందే పోయింది. "దాన్నొక్కసారి నా చేతిలో పెట్టరా" అని ఒకటే అడగడం.

సరిగ్గా అప్పుడే వీధులు తిరిగి పాత సామాన్లమ్మే ఒక ఫేరీవాడి డబ్బాలో కశ్మీర్ పతకం ఒకటి దొరికింది. అంచు నున్నగా అరిగిపోయింది. భూతద్దంలో చివరి రెండు అంకెలు మాత్రం కనబడ్డాయి, నలభై ఏడు. శేర్‌బాజ్ నంబరు చివరా అదే.

"ఇలాంటి నంబర్లు ఎన్ని ఉంటాయి?" అన్నాను.

"వందలు" అని తల పట్టుకుని కూర్చున్నాడు.

మూడో రోజు నా దగ్గరికొచ్చి, "మాస్టర్, నీ దగ్గర పేర్లు చెక్కే ఉలి ఉంది కదూ?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మతి పోయిందా నీకు? ఈ పని చేసినవాళ్ళని నువ్వే కదయ్యా తన్ని తగిలేసింది!"

"డాక్టరు రెండు రోజులన్నాడు. వదినకి చూపు లేదు. వేలికి అక్షరం తగలకపోతే నమ్మదు. నాకు చదవడమే తెలుసు, నువ్వే చెక్కు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంకేం అనను? పాతా కొత్తా తేడా తగలకూడదని ఆ రెండంకెల్నీ ఆకురాయితో అరగదీసి, నంబరు, పేరు, పటాలం మొత్తం కొత్తగా చెక్కాను.

చక్వాల్ దగ్గర వాళ్ళ ఊరికి ఇద్దరం వెళ్ళాం. జైతూన్ బీబీ పతకాన్ని గుప్పిట్లో పట్టుకుంది. బొటనవేలితో అంచంతా తడిమింది. ఆమె మొహం వాడిపోయింది.

"ఇది ఆయనది కాదురా."

"అదేంటి వదినా! పేరు తగల్లేదూ?"

"తగిలింది కాబట్టే కాదంటున్నా. మెరవాలని ప్రతి శుక్రవారం బూడిదేసి తోమేదాన్ని. చదువు రాని మొద్దుని, అంచు గరుగ్గా ఉంటే మురికనుకున్నా. అమ్మేనాటికి నున్నగా అయిపోయింది. తిడతావని ఇన్నేళ్ళూ చెప్పలేదు."

మీర్దాద్ ఆమె కాళ్ళ మీద పడ్డాడు. "ఇదే వదినా! ఇదీ నున్నగానే దొరికింది. పేరు మేమే చెక్కాం. మాస్టర్, నువ్వు చెప్పవయ్యా!"

చెప్పాను. అల్లా మీద ఒట్టేసి చెప్పాను.

ఆమె అతని తల నిమిరింది. "నా కోసం ఎన్ని అబద్ధాలాడతావురా, పిచ్చోడా! ఇంకో శేర్‌బాజ్ ఇల్లాలిది కాబోలు ఇది. వెతికి ఆమెకిచ్చెయ్."

పతకాన్ని అతని చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.