ఓడినవాడే రిఫరీ

ఇవాళ కాలేజీ రాకెట్‌బాల్ (నాలుగు గోడల గదిలో బంతిని గోడకేసి కొట్టే ఆట) టోర్నమెంట్‌లో మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయి, హమ్మయ్య అనుకున్నాను. కానీ ఓడినవాడే తర్వాతి మ్యాచ్‌కి రిఫరీ అట! తీరా చూస్తే ఆ మ్యాచ్ ఆడేది మా టీమ్ సీనియర్ రఘు అన్న. మమ్మల్నందర్నీ కార్లో తీసుకొచ్చింది ఆయనే, వెనక్కి తీసుకెళ్లాల్సిందీ ఆయనే.

ఆఖరి పాయింట్‌లో అన్న కొట్టిన బంతి ముందుగోడ కంటే ముందు నేలకి తగిలింది. అలా తగిలితే పాయింట్ పోతుంది, అంటే మ్యాచ్ పోయినట్టే. పైన గ్యాలరీలో ఉన్న నన్ను చూసి అన్న తెలుగులో, “ఏరా తమ్ముడూ, బంతి బాగానే ఉంది కదా?” అన్నాడు.

“ఏమంటున్నాడు?” అని అవతలి అమెరికన్ కుర్రాడు నన్నడిగాడు.

“నేలకి తగిలిందని తనే ఒప్పుకుంటున్నాడు” అన్నాను.

ఆ కుర్రాడు పరిగెత్తుకొచ్చి అన్నని వాటేసుకున్నాడు. చూసేవాళ్లంతా చప్పట్లు కొట్టారు. పాపం, అన్న నవ్వక తప్పలేదు. ఓడాడు కాబట్టి తర్వాతి మ్యాచ్‌కి ఆయనే రిఫరీ. అది అయ్యేదాకా మేమంతా ఆకలితో పడిగాపులు. తిరుగు దారిలో అన్న క్యాసెట్ కూడా పెట్టనివ్వలేదు.

మీరైతే ఏం చెప్పేవాళ్లు? నోటీసు బోర్డుకి అంటించిన ఈ కాగితం కిందే రాయండి, కాస్త త్వరగా. రేపు డబుల్స్‌లో నా పార్ట్‌నర్ అన్నే. నాలుగు గోడల మధ్య నేను ముందు, బంతి పట్టుకుని ఆయన వెనక.